టాలిస్ క్రీక్ కటింగ్ షాపుకి జడ్జిగారి ఉత్తరాలు

టాలిస్ క్రీక్, జార్జియా
1966 సెప్టెంబరు 3, శనివారం

చెల్లెమ్మా లెనోరా,

అయిపోయిందే! సెనేట్ వాళ్ళు ఒప్పేసుకున్నారట! రేడియోలో నీ పేరు వచ్చేటప్పటికి మన చర్చి పెద్ద డీకన్ టిల్లరీ నా కుర్చీలో ఉన్నాడు. ఒక చెంప గీశాను, రెండో చెంప నిండా సబ్బు నురగ. "ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టు జడ్జిగా మిస్ లెనోరా హార్గ్రోవ్" అన్నాడో లేదో, ఆ మహానుభావుడు మెడలో గుడ్డతోనే వీధిలోకి పరుగు! డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాలు నొప్పని చర్చిలో కూడా మోకరించడు, "మన పిల్ల జడ్జి! మన పిల్ల జడ్జి!" అని అరుచుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళాడు. నేను చేతిలో కత్తితో వెనకాలే. చూసినవాళ్ళు నేనాయన్ని నరకడానికి తరుముతున్నాననుకున్నారు. షెరీఫ్ కారు ఆపి మరీ అడిగాడు, ఏం జరిగిందిరా అని. "మా చెల్లి జడ్జి అయిందండీ" అన్నా. కారు అద్దం పైకి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మీ వదిన ఐడెల్లా పొద్దున్నించీ ఏడుస్తూ నవ్వుతూ కేకులు కాలుస్తోంది. రెండు మాడ్చింది కూడా.

నాకేం గుర్తొచ్చిందో చెప్పనా? ముప్పై తొమ్మిదిలో ఆ లా కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరం. నల్లవాళ్ళకి ఇక్కడ చోటు లేదు, మళ్ళీ అడగొద్దు అని రాశారు. నువ్వు ఏడుస్తావనుకుని నేను గుమ్మం దగ్గరే నిలబడ్డా. నువ్వు దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుని, "వాషింగ్టన్ రైలు ఎన్నింటికి అన్నయ్యా?" అన్నావు. మనల్ని చేర్చుకునే లా కాలేజీ అక్కడుంది కదా. ఇరవై రెండేళ్ళ పిల్లవి. తర్వాత పదేళ్ళకి మన పిల్లల స్కూలు బస్సు కేసుకి లాయరువై ఇదే ఊరొచ్చావు. నీకు హోటల్లో గది ఇవ్వకపోతే శవపేటికల కొట్టులో పడుకున్నావు. నువ్వు వాదిస్తుంటే ఇక్కడి జడ్జి కుర్చీ తిప్పేసుకుని నీకు వీపు చూపించి కూర్చున్నాడు. గుర్తుందా? "ఆయన వీపుకే చెప్పాను అన్నయ్యా, విన్నట్టే ఉంది" అన్నావు.

ఇంక నిన్ను ఏమని పిలవాలి? టీచరమ్మ ఓపల్ "యువర్ ఆనర్" అనాలంటోంది. నిన్ను ఎత్తుకుని ముక్కు తుడిచినవాణ్ణి, నావల్ల కాదు.

షాపంతా నీ ఉత్తరం కోసం కూర్చుంది. ఈసారన్నా పొడుగ్గా రాయి.

నీ అన్నయ్య,
ఆంబ్రోస్


ఫిలడెల్ఫియా
1966 అక్టోబరు 20

అన్నయ్యకి,

నల్ల గౌను నాకు జానెడు పొడుగైంది. మగవాళ్ళ కొలత ఒక్కటే ఉందట. మొదటిరోజు అది కాలికి తట్టుకుని బల్లమీద పడబోయాను. నిలదొక్కుకుని, ఏమీ జరగనట్టు కూర్చున్నా.

రెండోరోజు ఒక లాయరు నన్ను లిఫ్టులో చూసి, "అమ్మాయ్, కొత్త జడ్జి ఎలాంటిది? టైపు చేసేవాళ్ళకి అన్నీ తెలుస్తాయిగా" అన్నాడు. "ఆలస్యంగా వచ్చేవాళ్ళంటే పడదండీ" అన్నాను. పది నిమిషాల తర్వాత నేను బల్ల వెనకకి వచ్చి కూర్చుంటే ఆయన ముఖం చూడాల్సింది. చేతిలో కాగితాలన్నీ నేల మీద! నవ్వాపుకోలేక మంచినీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకున్నా.

పని చాలా ఉంది. భోజనం బల్ల దగ్గరే. ఇక్కడి మిగతా జడ్జిలు మర్యాదగానే ఉన్నారు. పెద్ద జడ్జి విట్‌కోంబ్ గారు ముసలాయన, చెవులు వినపడవు కానీ ఏదీ వదలడు.

ఒక్క మాట. ఇకనుంచి కేసుల గురించి నన్ను అడక్కు. నేను రాయకూడదు. రాసినవి అన్నీ షాపులో చదవకు.

లెనోరా


టాలిస్ క్రీక్
1967 ఫిబ్రవరి 11

చెల్లెమ్మా,

లిఫ్టు కథ మూడుసార్లు చదివించుకున్నారు! ఓపల్ టీచరమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. ఇప్పుడు మా వీధిలో ఎవడు ఆలస్యంగా వచ్చినా "జడ్జిగారికి పడదు" అనడమే.

టిల్లరీ గురించి చెప్పాలి. తన మోకాలు ఎలా ఉందని నువ్వు అడిగినందుకు ఆయన ఆనందం ఇంతా అంతా కాదు. "ఫెడరల్ జడ్జి నా మోకాలు గురించి అడిగింది" అని చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాడు. ఓపల్ కూడా, తన గులాబీల సంగతి మర్చిపోకుండా అడిగావని మురిసిపోయింది.

మన కౌంటీలో ఓటరు జాబితాలో ఇప్పుడు మనవాళ్ళు నాలుగొందలు దాటారు. మీ వదిన పేరు నాకంటే ముందెక్కింది, రోజూ గుర్తు చేస్తోంది.

నీ అన్నయ్య


ఫిలడెల్ఫియా
1967 ఏప్రిల్ 12

అన్నయ్యకి,

నేను డీకన్ టిల్లరీ మోకాలు గురించి ఎప్పుడడిగాను? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. నాకు మతిమరుపు వస్తోందా, లేక నీకా? కళ్ళు చూపించుకో. వదిన్ని తీసుకెళ్ళమను.

ఇక్కడ ఒక పెద్ద కేసు నా దగ్గరికి వచ్చింది. పేపర్లో ఎలాగూ పడింది కాబట్టి ఇంతవరకు చెప్పొచ్చు. హాలరన్ రొట్టెల కంపెనీ మీద బర్డీ లూమిస్ అనే ఆవిడ, ఇంకో ముప్పై మంది దావా వేశారు. తమని రంగు చూసి గిన్నెలు తోమే పనిలోనే ఉంచేశారని వాళ్ళు, అలాంటిదేం లేదని కంపెనీ. ఎవరిది న్యాయమో నాకు తెలీదు అన్నయ్యా. తెలీకూడదు కూడా, రెండు పక్షాలూ వినేదాకా. కంపెనీ మాటే నిజమైతే అదే రాస్తాను, అప్పుడు మన వాళ్ళు నన్ను తిడతారు, తిట్టనీ. లాయరుగా ఉన్నన్నాళ్ళు ఒక పక్కన నిలబడటం తేలిక. మధ్యలో కూర్చోవడమే కష్టంగా ఉంది. కానీ ఎంత ఉత్సాహంగా ఉందో చెప్పలేను! పొద్దున లేస్తూనే కోర్టుకి పరిగెత్తాలనిపిస్తుంది.

ఇది మాత్రం నీలోనే ఉంచుకో.

లెనోరా


టాలిస్ క్రీక్
1967 మే 20

చెల్లెమ్మా! చెల్లెమ్మా!

పేపర్లో మీ అన్న ఫోటో పడింది! ఇందులో పెట్టి పంపుతున్నా, జాగ్రత్తగా విప్పు, మడతలో నా చెవి చిరిగింది.

ఏమైందంటే, కిందటి వారం ఉత్తరాది పేపరు కుర్రాడొకడు ఈ దారిన పోతూ గడ్డం గీయించుకోడానికి ఆగాడు. తెల్లవాడే, మంచి కలుపుగోలు మనిషి. జడ్జి హార్గ్రోవ్ అన్నగారు మీరేనా అన్నాడు. అలా అడిగితే ఊరుకుంటానా? టిల్లరీ, ఓపల్, అందరూ ఉన్నారు. నీ ఉత్తరాలు బయటికి తీశా. కొంచెమే, కొంచెమే చదివా. చప్పట్లు కొట్టాడు!

మన షాపు పేరు కూడా వేశాడు. మీ వదిన ఆరు కాపీలు తెప్పించింది.

గర్వంతో కాళ్ళు నేల మీద ఆనని
నీ అన్నయ్య


ఫిలడెల్ఫియా
1967 జూన్ 2

అన్నయ్యా,

పేపరు అందింది. నాకంటే ముందు హాలరన్ కంపెనీ లాయర్లకి అందింది.

అందులో నా ఉత్తరంలోని వాక్యం అని వేసినది ఇదీ: "ఆ రొట్టెల కంపెనీ వాళ్ళకి పిండి ఎలా పిసకాలో నేను నేర్పుతాను." నేను ఈ మాట రాయలేదు. కలలో కూడా రాయను. ఆ కుర్రాడు కల్పించాడో, నువ్వు తప్పు చదివావో నాకు తెలీదు. తీర్పు ముందే రాసిపెట్టుకున్న జడ్జి మాకొద్దని వాళ్ళు అర్జీ పెట్టారు.

దాంతోపాటు ఇంకో కారణం కూడా చూపించారు. నేను నల్లదాన్ని, ఆడదాన్ని, చిన్నప్పుడు పరాయి ఇళ్ళల్లో గిన్నెలు తోమినదాన్ని కాబట్టి నా మనసు అటే మొగ్గుతుందట. దానికి కోర్టులోనే జవాబిచ్చాను. "అయ్యా, ఇరవై ఏళ్ళుగా ప్రతి పొద్దునా మీ కంపెనీ రొట్టే తింటున్నాను. దాన్ని ఏ పక్షాన రాసుకుందాం?" అన్నాను. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు.

కానీ ఉత్తరం సంగతి నవ్వుతో పోయేది కాదు. నేను రాశానా లేదా అన్నది నేనే తేల్చుకోకూడదు కదా. పెద్ద జడ్జి విట్‌కోంబ్ గారు జూలై పద్దెనిమిదిన విచారిస్తారు. ఏప్రిల్ పన్నెండు నాటి ఉత్తరం వెంటనే పంపు. నాకు కాదు, కోర్టు గుమాస్తాకి, రిజిస్టరు పోస్టులో. ఆ ఒక్క కాగితం చూస్తే చాలు, అంతా తేలిపోతుంది.

ఈ ఉత్తరం ఎవరికీ చదవకు.

లెనోరా


టాలిస్ క్రీక్
1967 జూన్ 14

చెల్లెమ్మా,

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. ఈ ఏడు పీచ్ పళ్ళు చిన్నవే కానీ తియ్యగా ఉన్నాయి. మీ వదినకి పాదం వాచింది, ఉప్పునీళ్ళలో పెడుతోంది. చర్చి కప్పు బాగు చేయిస్తున్నారు.

నువ్వడిగిన ఉత్తరం వెతుకుతున్నా. కనపడటం లేదు. అటూ ఇటూ ఎక్కడో పెట్టి ఉంటాను. బూడిదరంగు సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకడు, ఆ రొట్టెల కంపెనీ తరఫునట, కిందటి నెలాఖర్లో వచ్చి దాని గురించే అడిగి వెళ్ళాడు. నేనేం మాట్లాడలేదు.

నువ్వు వేళకి తింటున్నావా?

ఆంబ్రోస్


ఫిలడెల్ఫియా
1967 జూలై 1

అన్నయ్యా,

పీచ్ పళ్ళు. చర్చి కప్పు. జీవితంలో నువ్వు ఇంత చిన్న ఉత్తరం రాయలేదు.

ఇది జడ్జి రాయాల్సిన ఉత్తరం కాదు, చెల్లెలు రాస్తోంది. అయినా దీని నకలు కోర్టు గుమాస్తాకి ఇస్తున్నాను, దాచానన్న మాట రాకూడదు.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ సూటు మనిషికి ఉత్తరం ఇచ్చేశావా? భయపెట్టాడా? షాపు తలుపులు మూయిస్తానన్నాడా? ఆ ఊళ్ళో ఒక మనిషిని ఏం చెయ్యగలరో నాకు తెలుసు. భయపడి ఇచ్చి ఉంటే నిన్నొక్క మాట అనను. ఏదో ఆశపడి ఇచ్చి ఉంటే మాత్రం, అన్నయ్యా, అది నాకు చెప్పకు. నేను భరించలేను.

ముప్పై మంది ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటున్నారు కోర్టులో. నన్ను చూసి కాదు, న్యాయం దొరుకుతుందని. నా వల్ల వాళ్ళ కేసు ఆగిపోయి ఉంది.

లెనోరా


టాలిస్ క్రీక్
1967 జూలై 7

లెనోరా,

ఆశపడి ఇచ్చావా అని అడిగావే. ఆ మాట చదివి మీ వదిన నీమీద మండిపడింది. నేను మాత్రం అడగాల్సిందే అన్నాను. నా ఉత్తరం అలా ఉంది మరి.

ఎవరికీ ఇవ్వలేదు. కాల్చేశాను.

ఆ సూటు మనిషి బయటికి వెళ్ళాడో లేదో, పొయ్యి తలుపు తీసి అందులో పడేశా. నీ ఉత్తరం దొరికితే నీకేదో ముంచుకొస్తుందనుకున్నా. అదే నిన్ను కాపాడేదని నువ్వు రాసేదాకా తెలీలేదు. నీ జూన్ ఉత్తరం చదివాక ఆ పొయ్యి తెరిచి బూడిదంతా కెలికా. ఏం వెతుకుతున్నావని టిల్లరీ అడిగాడు. అయినా ఆయనకి చెప్పలేదు.

ఇంకా ఉంది. ఇదే రాయలేక పీచ్ పళ్ళ గురించి రాసింది.

ఆ పేపరు కుర్రాడు ఏం కల్పించలేదు. పిండి పిసకడం మాట నాది. చదువుతూ చదువుతూ నేనే కలిపేశా.

ఇరవై ఏడేళ్ళుగా కలుపుతున్నా లెనోరా. వాషింగ్టన్ నుంచి నువ్వు మొదటి ఉత్తరం రాసినప్పుడు, షాపులో అందరూ చుట్టూ చేరారు. నీకు రైలు డబ్బాలో తినడానికి కోడి వేయించి కట్టిచ్చిన ఓపల్, నీ పెట్టె మోసిన టిల్లరీ. నువ్వు లైబ్రరీ గురించి రాశావు, చలి గురించి రాశావు. అంతే. అయిపోయాక కూడా వాళ్ళు నా ముఖం వంకే చూస్తూ కూర్చున్నారు. మా గురించి ఏం లేదా అని అడగరు కదా. అప్పుడు కాగితం మళ్ళీ విప్పి, "ఆఁ, చివర్లో ఉంది, ఓపల్ టీచరమ్మని అడిగానని చెప్పు" అన్నా. ఆవిడ ముఖం నువ్వు చూసి ఉంటే నువ్వూ కలిపేదానివి. అలా మొదలైంది. తర్వాత టిల్లరీ మోకాలు వచ్చింది, గులాబీలు వచ్చాయి. నవ్వులు వచ్చాయి. నీ పేరుతో నేను చాలా మాటలు మాట్లాడేశాను.

నీకు మతిమరుపు లేదు. నాకు కళ్ళ జబ్బూ లేదు.

పద్దెనిమిదిన నేను వస్తున్నా. బస్సులో. ప్రమాణం చేసి ఇదంతా చెప్తా. బస్‌స్టాండుకి రావొద్దు, మాట్లాడొద్దు. సాక్షితో నువ్వు మాట్లాడితే మళ్ళీ ఏదో అంటారని ఓపల్ చెప్పింది. ఆవిడకి కూడా సగమే చెప్పా. ఒక్కడివీ అంత దూరం ఏం వెళ్తావని టిల్లరీ బయల్దేరాడు. ఆయనకి అసలేం తెలీదు.

ఆంబ్రోస్


ఫిలడెల్ఫియా
1967 జూలై 21

అన్నయ్యా,

అర్జీ కొట్టేశారు! కేసు నా దగ్గరే ఉంది! ఇవాళ పొద్దున విట్‌కోంబ్ గారు స్వయంగా నా గదికి వచ్చి కాగితం చేతికిచ్చారు. "మీ అన్నగారు గట్టివాడమ్మా. ప్రతి మాటా నాకు వినిపించింది" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడమే వింత!

నేను ఆ హాల్లోకి రాలేదు, రాకూడదు. నిన్ను మూడో అంతస్తు కిటికీలోంచి చూశాను. మెట్లు దిగుతూ టోపీ సర్దుకున్నావు. టిల్లరీ నీకు నాలుగడుగులు దూరంగా నడుస్తున్నాడు. నేనిక్కడ ఉంటున్న ఇరవై ఏళ్ళలో నువ్వు ఈ ఊరికి రావడం ఇదే మొదటిసారి, నేను కిటికీ తలుపు కూడా తియ్యలేకపోయాను.

తర్వాత కోర్టు రాతగాడు టైపు చేసిన కాగితాలు చదివాను. ఒక పేజీ ఎన్నిసార్లు చదివానో. ఇదిగో, ఉన్నదున్నట్టు రాస్తున్నా, ఒక్క ముక్క కలపకుండా:

లాయరు: "అయితే మీరు అబద్ధాలకోరు అన్నమాట."

సాక్షి: "షాపులో అవునండి. ఇక్కడ కాదు."

లాయరు: "ఏమిటో తేడా?"

సాక్షి: "షాపులో నా చేతిలో కత్తెర ఉంటుందండి. ఇక్కడ చెయ్యి బైబిల్ మీద పెట్టించారు."

లాయరు: "చెల్లెల్ని కాపాడ్డానికి ఇప్పుడు చెప్పేదే అబద్ధమేమో! మేమెలా నమ్మాలి?"

సాక్షి: "ఆ వెనక బెంచీలో డీకన్ టిల్లరీ గారు కూర్చున్నారు. జడ్జిగారు తన మోకాలు గురించి ఉత్తరం ఉత్తరానికీ అడుగుతోందని నమ్మిన మనిషి. నాకు నలభై ఏళ్ళ స్నేహితుడు. ఆయన ఎదురుగా చెప్తున్నానండి, ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అంతా నేనే. చెల్లి కోసం అబద్ధమాడాలంటే నాకు ఇంతకంటే తేలికవి వంద వచ్చు."

ఇక్కడ రాతగాడు "సాక్షి వెనక బెంచీ వైపు తిరిగాడు" అని రాశాడు.

అన్నయ్యా, నువ్వు కల్పించినవాటికి నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, రెండు రోజులు. జడ్జి పేరు మీద మాటలు కల్పించడం చిన్న విషయం కాదు, అది నీకు ఇప్పుడు తెలుసు. కానీ మూడో రోజు సిగ్గేసింది. నా పెట్టె మోసిన మనిషికి మోకాలు నొప్పని నాకు నువ్వు చెబితేనే తెలిసింది.

ఆశపడ్డావా అని అడిగాను చూడు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వదినకి చెప్పు, తిట్టమను, పడతాను.

నీ చెల్లి,
లెనోరా


టాలిస్ క్రీక్
1967 ఆగస్టు 13

చెల్లెమ్మా!

కొట్టేశారా! ఉత్తరం పట్టుకుని ఎగిరితే కుర్చీ తిరగబడింది! వదిన నిన్ను తిట్టనంటోంది, తిట్టాల్సినవన్నీ నన్నే తిట్టేసిందట.

తిరుగు ప్రయాణం గురించి చెప్పాలి. బస్సులో టిల్లరీ, నేను పక్క పక్కనే. ఫిలడెల్ఫియా దాటింది, వాషింగ్టన్ దాటింది, వర్జీనియా అంతా కిటికీలోంచి చూస్తూనే కూర్చున్నాడు. కరోలినాలో ఎక్కడో, నాకేసి తిరక్కుండానే, "కాస్త జరగరా, మోకాలు చాపుకోవాలి" అన్నాడు. జరిగాను. నా జన్మలో అంత ఆనందంగా ఎప్పుడూ జరగలేదు.

ఊళ్ళో మాత్రం వారం రోజులు షాపులోకి పురుగు కూడా రాలేదు. ఓపల్ టీచరమ్మ వీధి అవతలి వైపు నుంచి నడిచి వెళ్ళేది. ఎనిమిదో రోజు తిన్నగా లోపలికొచ్చి, "ఉత్తరాలన్నీ తియ్యి. ఇకమీదట నేను చదువుతా, నువ్వు జుట్టు కత్తిరించు" అంది. పాతవి కూడా చదివింది, ఉన్నది ఉన్నట్టు. ఏడు ఉత్తరాలయ్యాక టిల్లరీ, "ఇంతేనా?" అన్నాడు. తర్వాత, "చలి గురించి మరీ ఎక్కువ రాసిందే ఈ పిల్ల" అన్నాడు. నోరు మూసుకుని కత్తెర ఆడించా.

కేసు గురించి అడగను. ఒట్టు.

ఆంబ్రోస్


ఫిలడెల్ఫియా
1968 మార్చి 16

అన్నయ్యా,

నిన్న తీర్పు చదివాను. ఇప్పుడది లోకమంతా చదవచ్చు కాబట్టి నీకూ రాయచ్చు.

బర్డీ లూమిస్ పదకొండేళ్ళు ఆ కంపెనీలో గిన్నెలు తోమింది. పిండి కలిపే పెద్ద యంత్రం దగ్గర ఉద్యోగం ఆరుసార్లు అడిగింది. యంత్రం పని రాదన్నారు. కంపెనీ మేనేజరు బోనులో నిలబడి అదే చెప్పాడు. అప్పుడావిడ లాయరు అడిగాడు, ఆ పనికి కొత్తగా చేర్చుకున్న తొమ్మిది మంది తెల్లవాళ్ళకి యంత్రం ఎవరు నేర్పారని. మేనేజరు టై సర్దుకున్నాడు. నేనే అడిగాను, "ఎవరు నేర్పారండీ?" అని. నేల చూస్తూ, "బర్డీ" అన్నాడు.

నాకు లేచి నిలబడాలనిపించింది అన్నయ్యా! లాయరు రోజుల్లో అయితే బల్ల గుద్దేదాన్ని. ఇప్పుడు కలం పట్టుకుని, "తర్వాత?" అన్నాను. అంతే.

ఆవిడ మొదటిసారి అడిగిన రోజునుంచీ ఆ ఉద్యోగంలో ఉన్నట్టే లెక్కలోకి తీసుకుని యంత్రం దగ్గర నిలబెట్టమని రాశాను. రంగు చూసి పనులు పంచడం ఈ రోజుతో ఆపమన్నాను. ఆవిడ పక్షం అడిగినవాటిలో ఒకటి మాత్రం కొట్టేశాను. కావాలనే ఒకామెను మెట్ల మీంచి తోయించారన్నారు, దానికి రుజువు లేదు. ఆమె నన్ను చూసిన చూపు మర్చిపోలేను. మన వాళ్ళ పేపరు ఒకటి ఇవాళ నన్ను పిరికిదంది. కంపెనీ వాళ్ళ పేపరు అహంకారి అంది. రెండూ కత్తిరించి బల్ల మీద పక్క పక్కన పెట్టుకున్నాను.

పొద్దున మా గుమాస్తా అటు వెళ్ళి చూసొచ్చాడు. బర్డీ తెల్లటి ఆప్రాన్ కట్టుకుని యంత్రం మీట లాగుతోందట. తొమ్మిది మందిలో ఒకడు వెనక నుంచి, "అమ్మయ్య, ఇంక చెడిపోతే పిలవడానికి కింది అంతస్తుకి పోనక్కర్లేదు" అన్నాడట.

లెనోరా


టాలిస్ క్రీక్
1969 అక్టోబరు 4

చెల్లెమ్మా,

ముందు కూర్చో. నాకు కోర్టు నుంచి కాగితం వచ్చింది. నేనేం చెయ్యలేదే, భయపడకు! జ్యూరీకి పిలిచారు, తీర్పు తేల్చే పన్నెండు మందిలో ఒకడిగా! నన్ను! ఫెడరల్ జడ్జి ఎవరో ఆర్డరు వేశాక మన కౌంటీ జాబితా కొత్తగా రాశారట. పన్నులు కట్టడం మొదలుపెట్టి నలభై ఏళ్ళయినా నా పేరు ఆ జాబితాలో లేదు, ఇప్పుడుంది.

నల్ల సూటు వేసుకోనా, గోధుమరంగుదా? టోపీ ఎక్కడ పెడతారు? ఎదురుగా తెలిసినవాడు నిలబడితే ఏం చెయ్యాలి? సగం కౌంటీకి నేనే జుట్టు కత్తిరించాను! తెల్లవాళ్ళు పదకొండు మంది ఒకటంటే నేనొక్కణ్ణి కాదనొచ్చా? మీ వదిన చొక్కాకి మూడుసార్లు ఇస్త్రీ చేసింది.

వెంటనే జవాబు రాయి.

ఆంబ్రోస్


ఫిలడెల్ఫియా
1969 అక్టోబరు 8

అన్నయ్యా!

గోధుమరంగు సూటు. టోపీ ఒళ్ళో పెట్టుకో. తెలిసినవాడైతే జడ్జికి చెప్పెయ్యి, ఆయన చూసుకుంటాడు. కాదనొచ్చు. ఎంతమందితోనైనా, ఎన్ని రోజులైనా. దానికే పిలిచారు నిన్ను.

మిగతాదేదీ నేను చెప్పకూడదు. నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, గదిలో ఒక్కదాన్నే తిరుగుతున్నాను.

లెనోరా


టాలిస్ క్రీక్
1969 అక్టోబరు 21

చెల్లెమ్మా,

నిన్న వెళ్ళాను. నువ్వు వీపుకి వాదించిన హాలు అదే. పెయింటు మార్చారు. మనకి అప్పట్లో పై గ్యాలరీలోనే చోటు కదా, అలవాటు చొప్పున కాళ్ళు మెట్ల వైపే పోయాయి. టిల్లరీ చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. మనవాళ్ళు ఇంకో ముగ్గురు వచ్చారు. నలుగురం ఒక బెంచీలో, చర్చిలో కూర్చున్నట్టు బిగుసుకుని.

గుమాస్తా ఆ లారీ ఓడమ్ గాడే, తెల్లవాడు. వాడి తాత కాలం నుంచీ వాళ్ళు మన ఇంటివాళ్ళని ఎరుగుదురు. నన్ను ఎప్పుడూ "ఏయ్ ఆంబ్రోస్" అనే పిలిచాడు, వాడికి మీసం రాకముందు నుంచీ. చీటీలు తీసి ఒక్కో పేరూ చదువుతున్నాడు.

"మిస్టర్ హార్గ్రోవ్" అన్నాడు.

నేను లేవలేదు. ఎవరో వేరే ఆయన్ని పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూశా. నా వెనక ఎవరూ లేరు. హాలంతా నన్నే చూస్తోంది.

వాడు గొంతు సవరించుకుని మళ్ళీ పిలిచాడు. "మిస్టర్ ఆంబ్రోస్ హార్గ్రోవ్."

అప్పుడు లేచాను.

నీ అన్నయ్య